కంపువాగుకు లాటిన్ పేరు

కాలేజీలో ఆమెను అందరూ లాటినమ్మ అనేవారు. ఎదురుగా మేడమ్, వెనకాల లాటినమ్మ. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. తెలిసినా చిన్నబుచ్చుకునేది కాదు, పైపెచ్చు లోలోపల కాస్త మురిసిపోయేది కూడా. ఎవరూ మాట్లాడని భాష పేరుతో తనను పిలుస్తున్నారంటే, ఆ భాష బరువంతా తన భుజాల మీదే ఉందని ఆవిడ లెక్క.

ఆ కాలేజీకి ఓ పాత పట్టింపు ఉంది. పట్టాలు లాటిన్‌లోనే రాయాలి. పేరూ చదువూ రాసి ఊరుకుంటే కుదరదు, పుట్టిన ఊరు కూడా రాయాలి, అదీ లాటిన్‌లోనే. రెండు వేల ఏళ్ళ నాటి భాషలో నిన్నగాక మొన్న వెలసిన బస్తీల పేర్లు ఎక్కడుంటాయి? ఉండవు. పుట్టించాలి. ఆ పుట్టించే పని లాటినమ్మది. పట్టాలిచ్చే రోజున వేదిక మీద మైకు ముందు నిలబడి, ఒక్కొక్కరి పేరూ ఊరూ గొంతెత్తి చదివేది కూడా ఆవిడే.

వినడానికి తేలిక పనే. ఊరి పేరుకు అర్థం ఉంటే ఆ అర్థాన్నే లాటిన్‌లో పెట్టాలి. అర్థం పర్థం లేని పేరైతే దానికో లాటిన్ తోక తగిలించాలి. ఆ తర్వాత ఫలానా ఊళ్ళో పుట్టారని చెప్పడానికి 'లో' చేర్చాలి. మనమైతే ఊరి పేరు చివర ఆ 'లో'ను వినపడేట్టు అంటిస్తాం. లాటిన్‌లో అది పేరులోనే కరిగిపోయి చివరి అక్షరాలను మార్చేస్తుంది. దాంతో ఊరు ఒకలా ఉంటే, ఆ ఊళ్ళో పుట్టామనే మాట ఇంకోలా వినిపిస్తుంది. హాల్లో కూర్చున్న అమ్మానాన్నలు సొంత ఊరి పేరు విని కూడా ఇదెక్కడిదో అనుకుని ఊరుకున్న సందర్భాలున్నాయి.

ఈ విషయంలో లాటినమ్మ మహా ముక్కుసూటి మనిషి. పేరులో ఏముంటే అది రాయాలి, లేనిది అతికించకూడదు అనేది. ఓ ఏడాది పందులదిబ్బ నుంచి వచ్చిన ఓ విద్యార్థి ఆవిడ గదికి వచ్చి, మేడమ్, ఆ పందుల్ని కాస్త తప్పించండి, దిబ్బ ఒక్కటీ ఉంటే చాలు అని బతిమాలుకున్నాడు. ఆవిడ కళ్ళజోడు పైనుంచి ఓ చూపు చూసి, భాషకు మొహమాటాలుండవు నాయనా అని పంపించేసింది. వేదిక మీద 'కోల్లే పోర్కోరుమ్' అని ఒక్క పంది కూడా తప్పిపోకుండా చదివింది. లాటిన్ రానివాళ్ళకు కూడా ఆ పోర్కు ఏమిటో తెలిసిపోయింది. హాలంతా నవ్వింది. ఆ అబ్బాయి చెవులు ఎర్రబడటం ఆవిడ చూసింది. చూసి, పని సక్రమంగా చేశానన్న తృప్తితో ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోయింది.

ఇక ఆవిడ పుట్టిన చోటు సంగతి. ఆవిడ చెప్పదు కాబట్టి మనమే చెప్పుకోవాలి. ఆవిడది కంపువాగు.

నగరానికి ఓ చివర, బస్సు ఇక ముందుకు పోకుండా తిరిగే చోట ఉంటుంది కంపువాగు. వాగుకు రెండు వైపులా తోళ్ళ కార్ఖానాలు. తోళ్ళు నానబెట్టిన సున్నపు నీళ్ళూ, కడిగిన నీళ్ళూ, రంగు నీళ్ళూ అన్నీ ఆ వాగులోకే. కార్ఖానాలో ఏ రంగు వేస్తే వాగు ఆ రంగులో పారుతుంది. దానికా పేరు ఎవరు పెట్టారో గానీ అబద్ధం మాత్రం ఆడలేదు. అక్కడే పుట్టి అక్కడే పెరిగినవాళ్ళకు ఆ వాసన తెలియదు. బయటికెళ్ళి తిరిగొచ్చినవాళ్ళకే తెలుస్తుంది. లాటినమ్మకు చదువుకోవడానికి హాస్టల్లో చేరి మొదటిసారి సెలవులకు వచ్చినప్పుడు బస్సు దిగగానే తెలిసింది. ఆ రోజు ఇంట్లో అన్నం సయించలేదు. అమ్మ నుదురు ముట్టుకుని చూసి జ్వరమేమీ లేదే అంది. అప్పటి నుంచి మీదే ఊరని ఎవరడిగినా, ఇక్కడికి దగ్గరే, నీళ్ళ పక్కన అని చెప్పడం నేర్చుకుంది. అందులో అబద్ధం లేదు, అలాగని నిజమూ లేదు.

ఆవిడ తమ్ముడు మాత్రం అక్కడే ఉండిపోయాడు. డ్రమ్ముల షెడ్డులో పని. గది అంత ఎత్తున్న చెక్క డ్రమ్ములు తోళ్ళను కడుపులో వేసుకుని పొద్దస్తమానం గడగడమంటూ తిరుగుతుంటాయి. వాటి పక్కన నిలబడి నిలబడి అతని చెవులు సగం పోయాయి. మనిషి అరిస్తేనే వింటాడు, తనూ అరిచే మాట్లాడతాడు. అతనికి ఒక్కతే కూతురు. గుప్పెడంత ఉండి తెరిపి లేకుండా వాగేది కాబట్టి పుట్టిన ఏడాదికే దానికి పిచిక అని పేరు స్థిరపడిపోయింది.

లాటినమ్మకు పెళ్ళీ పెటాకులూ లేవు. కంపువాగుకు వెళ్ళినా పూట కంటే ఎక్కువ నిలిచేది కాదు. కానీ పిచికంటే ప్రాణం. సెలవు రోజుల్లో దాన్ని బస్సెక్కించుకుని తన ఇంటికి తెచ్చుకునేది. దారిలో ఇద్దరికీ ఓ ఆట ఉండేది. బస్సు ఏ స్టాపులో ఆగితే ఆ పేరును లాటిన్‌లోకి మార్చాలి. మూడు దీపాలు వస్తే 'ట్రేస్ లుకెర్నై'. పాత పిండిమర దగ్గర 'మోలా వేతుస్'. సబ్బుల ఫ్యాక్టరీ దగ్గరకొచ్చేసరికి 'ఒఫికీనా సాపోనారియా' అని మేనత్తా మేనకోడలూ గొంతు కలిపి అరిస్తే, టికెట్లు కొట్టే కండక్టరు వీళ్ళకేమైనా తేడా చేసిందా అన్నట్టు చూసేవాడు. అలాంటి ఓ రోజు పిచిక అడిగింది, అత్తా, మరి మన స్టాపు పేరో అని. చిన్నపిల్ల దగ్గర సిగ్గేమిటి? బస్సులో తెలిసినవాళ్ళెవరూ లేరు కూడా. 'రీవుస్ ఫోయ్‌తిదుస్' అని చెప్పింది అత్త. అందులో పుట్టాననాలంటే 'రీవీ ఫోయ్‌తిదీ' అనాలని కూడా నేర్పింది. రీవీ ఫోయ్‌తిదీ, రీవీ ఫోయ్‌తిదీ అంటూ పిచిక సీటు మీద ఎగిరెగిరి పడింది. దానికి ఆ మాటలో వాసన ఏమీ రాలేదు.

ఆ పిల్లే పెరిగి పెద్దదై మేనత్త కాలేజీలోనే చేరింది. చేరేటప్పుడు అత్త ఒక్క షరతు పెట్టింది. కాలేజీలో మనకు చుట్టరికం లేదు, నేను నీకు మేడమ్‌ని, లేకపోతే మార్కులు అత్త వేసిందంటారు అని. పిచిక ఆ మాట నమ్మింది. అత్త కూడా నమ్మినట్టే ఉంది, మాట బయటికి అంత నమ్మకంగా వచ్చింది మరి. చదివినన్నాళ్ళూ పిచిక ఒక్కసారి కూడా నోరు జారలేదు. తమ్ముడికీ మరదలికీ కూడా ఈ షరతు తెలుసు. మన అక్క చెప్పిందంటే ఏదో కారణం ఉంటుందిలే అనుకుని వాళ్ళు కాలేజీ వైపు తొంగి చూడలేదు.

పిచికకు పట్టా చేతికొచ్చే ఏడాది లాటినమ్మ ఎప్పట్లాగే ఊళ్ళ పేర్లన్నీ లాటిన్‌లోకి మార్చి కాగితాల మీద పెట్టింది. పిచిక పేరు దగ్గర చెయ్యి ఒక్క క్షణం ఆగిన మాట నిజమే. అయినా సిద్ధాంతం సిద్ధాంతమే కాబట్టి 'రీవీ ఫోయ్‌తిదీ' అనే రాసింది. రాసి, నేను నాకు కూడా మినహాయింపు ఇచ్చుకోని మనిషిని అని కాస్త గర్వపడింది. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు.

మర్నాడు టీ వేళకు ఆ కాగితాలు లెక్చరర్ల గదిలో బల్ల మీద పెట్టుకుని సరిచూస్తోంది. చరిత్ర లెక్చరర్ టీ కప్పుతో వచ్చి పక్కన కూర్చున్నాడు. మంచివాడే, ఎవరికీ కీడు తలపెట్టే రకం కాదు, కానీ ఎదురుగా కాగితం ఉంటే చదవకుండా ఉండలేడు, చదివాక నవ్వించకుండా ఉండలేడు. వేలు పెట్టి చదువుకుంటూ వచ్చి ఒక చోట ఆగాడు.

"ఫోయ్‌తిదుస్ అంటే కంపు కదండీ మేడమ్? ఎవరండీ ఈ పిల్ల? పట్టా ఇచ్చేటప్పుడు ప్రిన్సిపాల్ గారికి ఓ అత్తరు సీసా ఇచ్చి పంపాలి."

గదిలో అందరూ నవ్వారు. ప్రిన్సిపాల్ కూడా అక్కడే ఉన్నాడు. ఆయన జేబులోంచి రుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఇంకో చేత్తో పట్టా అందిస్తున్నట్టు అభినయించాడు. మళ్ళీ నవ్వులు. లాటినమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో ఆవిడకే తెలియలేదు.

చరిత్ర లెక్చరర్ వేలు ఆ వరస మీదే ఉంది.

"అన్నట్టు ఇంటిపేరు మీదే కదండీ. మీవాళ్ళా?"

"కాదు," అంది లాటినమ్మ. "ఇంటిపేర్లు కలుస్తుంటాయి."

ఆలోచించుకునే వ్యవధి కూడా లేకుండా, అడిగీ అడగగానే అనేసింది. ఆయన అవునవును, మా ఇంటిపేరు వాళ్ళు ఊరికి పదిమంది ఉన్నారంటూ టీ తాగేసి వెళ్ళిపోయాడు. ఆవిడ మాత్రం చల్లారిన టీ ముందు అలాగే కూర్చుండిపోయింది. తనే ఎత్తుకు తిరిగిన పిల్ల. తన వేలు పట్టుకుని బస్సెక్కిన పిల్ల. నావాళ్ళు కాదనడానికి నాలుక ఒక్కసారి కూడా తడబడలేదు. ఎవరో చూస్తుండగా ఒళ్ళంతా తడిసిపోయినట్టనిపించింది ఆవిడకు.

సిగ్గేస్తే మనిషి రెండు పనుల్లో ఏదో ఒకటి చేస్తాడు. చేసిన తప్పు దిద్దుకుంటాడు, లేదా దాని మీద గుడ్డ కప్పుతాడు. లాటినమ్మ కప్పింది. ఆ మధ్యాహ్నమే 'రీవీ ఫోయ్‌తిదీ' కొట్టేసి 'అక్వీస్ క్లారీస్' అని రాసింది. 'అక్వై క్లారై' అంటే తేటనీళ్ళు, 'లో' చేరితే అక్వీస్ క్లారీస్ అవుతుంది. ఒకప్పుడు వేడినీటి బుగ్గలున్న గొప్ప గొప్ప స్నానాల ఊళ్ళకు అక్వై అని పేర్లుండేవి. వినేవాడికి ఎక్కడో పాలరాతి మెట్ల మధ్య పారే సెలయేరు కనపడుతుంది. సున్నపు తొట్లు కనపడవు. కార్ఖానాలు రాకముందు ఆ వాగు తేటగానే ఉండి ఉంటుంది కదా, నేను అసలు సంగతి రాస్తున్నానంతే అని తనకు తాను నచ్చజెప్పుకుంది. పిల్ల నలుగురిలో నవ్వులపాలు కాకూడదు కదా అని కూడా అనుకుంది. పందులదిబ్బలో ఒక్క పందిని వదలని మనిషి కంపువాగు కంపంతా ఒక్క కలం పోటుతో కడిగిపారేసింది. కాగితాలు పట్టాల రాతగాడికి చేరాయి. అతను తన అందమైన చేతిరాతతో, ఆరితే చెరగని సిరాతో పట్టాలన్నీ నింపేశాడు.

పట్టాల రోజు దగ్గరపడుతుండగా ఓ సాయంత్రం తమ్ముడు ఫోన్ చేశాడు. ఎప్పట్లాగే అరుస్తున్నాడు. ఫోన్ చెవికి దూరంగా పెట్టుకుని వినాల్సి వచ్చింది. మేస్త్రీ దగ్గర కోటు అరువు తెచ్చుకున్నానని, చేతులు కాస్త పొట్టయినా మడిచిపెడితే తెలియదని, మరదలికి చెప్పులు కొన్నానని చెప్పుకొచ్చాడు. కాలేజీలో నిన్ను ఎరగనట్టే ఉంటాంలే, నువ్వేం కంగారుపడకు అని కూడా అన్నాడు. ఆ తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"అక్కా, ఓ మాట చెప్తా, తప్పుంటే దిద్దు. రీవీ ఫోయ్‌తిదీ. సరిగ్గా అన్నానా?"

అక్క వినలేదనుకుని అతను ఇంకోసారి అరిచాడు. తర్వాత సంగతంతా చెప్పాడు. హాలు పెద్దదట, మనం పై గ్యాలరీలో ఎక్కడో వెనక కూర్చోవాలట. కింద అందరూ నల్లగౌన్లూ టోపీలూ వేసుకుని ఒకేలా ఉంటారట. పేర్లకు కూడా ఏవో తోకలుంటాయట, నా చెవులకు పట్టవట. అందుకని పిచిక ఈ ఒక్క మాట నేర్పింది. మన ఊరి నుంచి ఇంకెవరూ లేరు నాన్నా, ఈ మాట వినపడిందంటే ఆ నడిచేది నేనే, లేచి చప్పట్లు కొట్టు అందట. తను ఒక్కడే కాదు, షెడ్డులో తనతో పనిచేసేవాళ్ళంతా వస్తామన్నారు. వాళ్ళకూ నేర్పాడు. డ్రమ్ములు తిరుగుతుండగా వాటి మోతను మించి అరిచి అరిచి నేర్పాడు. ఇప్పుడు షెడ్డులో ఎవరు ఎదురుపడ్డా పలకరింపు అదేనట.

అప్పుడైనా చెప్పొచ్చు. ఒరేయ్, ఆ మాట కాదురా, వేరే మాట వస్తుంది అంటే సరిపోయేది. ఎందుకు మార్చావక్కా అని అడుగుతాడు. అడిగితే చెప్పాలి. రుమాలు సంగతి చెప్పాలి, తన నవ్వు చెప్పాలి, 'కాదు' అన్న మాట చెప్పాలి.

"బాగానే అన్నావురా," అంది. "ఫోయ్ దగ్గర కొంచెం సాగదియ్యి."

ఫోన్ పెట్టేశాక తను చేసిన పని చూసుకుంటే ఆవిడకే అసహ్యమేసింది. రాని మాటకు ఉచ్చారణ దిద్దింది. ఆ తర్వాత ఓ దారి తోచింది. పట్టా మీద సిరా ఆరిపోయింది, దాన్ని మార్చలేం. కానీ వేదిక మీద చదివే నోరు తనదే కదా. రాసింది ఏదైనా, 'రీవీ ఫోయ్‌తిదీ' అని చదివేస్తే సరి. ఎవరైనా అడిగితే పాత కాగితం చూసి చదివాననొచ్చు. ఆ ఆలోచనతో గుండెల మీంచి బరువు దిగినట్టయింది. అలాగే చదవాలని గట్టిగా అనుకుంది. పట్టాల రోజు పొద్దున అద్దం ముందు తల దువ్వుకుంటూ రెండుసార్లు పైకి అని కూడా చూసుకుంది.

హాలు కిటకిటలాడుతోంది. వేదిక మీద ప్రిన్సిపాల్, ఆయన పక్కన ముఖ్య అతిథి, వెనక వరసలో లెక్చరర్లు. మైకు దగ్గర లాటినమ్మ. ఆవిడ వీపు వెనకే చరిత్ర లెక్చరర్ కుర్చీ. ఆవిడ ఒక్కో పేరూ ఊరూ చదువుతుంటే ఒక్కో నల్లగౌను మెట్లెక్కి వస్తోంది. వచ్చినప్పుడల్లా గ్యాలరీలో ఎక్కడో ఓ మూల చప్పట్లు గుప్పుమంటున్నాయి, ఎవరో ఈల వేస్తున్నారు, ఎవరో ముక్కు చీదుతున్నారు. ఎవరి పిల్లకు వాళ్ళు. తమ్ముడు ఎక్కడ కూర్చున్నాడో ఆవిడ ముందే చూసింది. చిట్టచివరి వరస. మడిచినా పొట్టిగానే ఉన్న కోటు. పక్కన మరదలు, అటూ ఇటూ షెడ్డు మనుషులు. తమ్ముడు ముందుకు వంగి, చెవి వెనక అరచెయ్యి దొప్పలా పెట్టుకుని కూర్చున్నాడు. ప్రతి ఊరి పేరుకూ తల అడ్డంగా ఊపుతున్నాడు. ఇది కాదు, ఇంకా రాలేదు అన్నట్టు.

పిచిక వంతు వచ్చింది. ఆవిడ పేరు చదివింది. పిచిక మెట్ల దగ్గర నిలబడి తల పైకెత్తి గ్యాలరీ వైపు చూస్తోంది.

'రీ' అన్న అక్షరం నాలుక మీదికి వచ్చింది. సరిగ్గా అప్పుడే వెనక కుర్చీలో చరిత్ర లెక్చరర్ తుమ్మాడు. తుమ్మి, రుమాలు తీసి ముక్కు తుడుచుకున్నాడు. అంతే, అందులో ఇంకేమీ లేదు, పాపం ఆయనకు జలుబు. కానీ లాటినమ్మ కంటికి ఓరగా ఆ తెల్ల రుమాలు కనపడింది.

"అక్వీస్ క్లారీస్," అని చదివింది.

ఆవిడ జీవితంలో అంత చక్కగా ఏ మాటా పలికి ఉండదు. హాలు చివరి దాకా ఖంగున వినపడింది. గ్యాలరీలో ఒక్క చప్పుడు లేదు. చివరి వరసలో తమ్ముడు తల అడ్డంగా ఊపాడు. పక్కన మరదలు సగం లేచింది. అతను ఆమె భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు. పిచిక మెట్టు మీద ఒక్క క్షణం ఆగిపోయింది. మేనత్త వైపు చూసింది. తర్వాత తల దించుకుని వేదిక ఈ చివర నుంచి ఆ చివరికి నడిచింది. వెనక వరసలో లెక్చరర్లు మర్యాదకు తట్టిన నాలుగు చప్పట్లు తప్ప ఆ నడక పొడవునా దాని చెప్పుల చప్పుడే వినపడింది. పిచిక ఆ చివర దిగిపోయింది. తర్వాతి పేరు చదివితే ఇంకెవరి ఇంటివాళ్ళో ఈలలేశారు.

చదవాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి. లాటినమ్మ అన్నీ చదివింది. తలెత్తకూడదనుకుంటూనే ఎత్తి చూసింది. చూసినప్పుడల్లా తమ్ముడి చెయ్యి చెవి వెనకే ఉంది. ఆఖరి పేరు అయిపోయి అందరూ లేచి నిలబడినా అతను ఆ చెయ్యి దించలేదు.

బయట ఆవరణలో బల్లల మీద టీలూ బిస్కెట్లూ పెట్టారు. ఫోటోల కోసం జనం గుంపులు గుంపులుగా నిలబడ్డారు. షెడ్డు మనుషులు గేటు దగ్గర కుళాయి పక్కన ఓ ముద్దగా నిలబడి కప్పులు పట్టుకున్నారు. ఎవరి ముఖంలోనూ కళ లేదు. లాటినమ్మ పక్కదారిన తన గదికి వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేకపోయింది. చుట్టరికం లేదన్న షరతు తనే మర్చిపోయి నేరుగా తమ్ముడి దగ్గరికి నడిచింది.

అతను పిచిక ముందు తప్పు చేసినవాడిలా నిలబడి ఉన్నాడు.

"నా చెవులు మండిపోనూ," అంటున్నాడు. "ఒక్క మాట వినలేకపోయాను. ఒకమ్మాయి నడుస్తుంటే మన పిచిక నడకలాగే ఉందే అనుకున్నా. ఏదో వేరే ఊరు చెప్పారు కదా, ఎవరి పిల్లోలే అనుకున్నా. మీ అమ్మ మన పిల్లేనంటూ లేచింది. నేనే కూర్చోబెట్టా, ఆగవే, మన ఊరు ఇంకా రాలేదని."

"పోనీలే నాన్నా," అంది పిచిక. "మైకు బాలేదు. మాకే సరిగ్గా వినపళ్ళేదు."

అలా అంటూ మేనత్త ముఖంలోకి చూడలేదు. పట్టా గుండ్రంగా చుట్టి రెండు చేతులా పట్టుకుని ఉంది. అందులో ఏం రాసుందో ఈపాటికి చదివే ఉంటుంది. చదివి, ఎవరు రాశారో తెలిసి, తండ్రి దగ్గర అత్తను దాస్తోంది. తిట్టినా ఇంతకంటే నయంగా ఉండేది. లాటినమ్మకు నిలబడ్డ చోటే భూమిలోకి దిగిపోవాలనిపించింది.

ఒరేయ్ అని నోరు తెరవబోయేంతలో చరిత్ర లెక్చరర్ టీ కప్పుతో అక్కడికే వచ్చాడు. పిచికను చూసి శుభాకాంక్షలు చెప్పాడు. కోటు మనిషినీ లాటినమ్మనూ మార్చి మార్చి చూసి, వీళ్ళు మీకు తెలుసా మేడమ్ అని అడిగాడు. ఆవిడ జవాబు చెప్పేలోపు తమ్ముడు ఒక్క అడుగు వెనక్కి వేశాడు. ఇచ్చిన మాట అతనికి గుర్తుంది.

"మేడమ్ గారు మా అమ్మాయికి పాఠాలు చెప్పారండి," అన్నాడు.

పుట్టి బుద్ధెరిగాక అతను అక్కను అలా పిలవడం అదే మొదటిసారి. ఎంత వినయంగా అన్నాడంటే, నిజంగానే ఏ సంబంధమూ లేని పెద్దమనిషితో మాట్లాడుతున్నట్టు అన్నాడు. లాటినమ్మకు తల కొట్టేసినట్టయింది.

"మీది అక్వై క్లారై కదండీ," అన్నాడు చరిత్ర లెక్చరర్ కలుపుగోలుగా. "తేటనీళ్ళు. పేరు వింటేనే చల్లగా ఉంది. ఎక్కడండీ అది?"

తమ్ముడికి ఏమీ అర్థం కాలేదు. మాది అది కాదండీ అన్నాడు. అని, తప్పు మాట్లాడానేమోనన్న భయంతో అక్క వైపు తిరిగాడు.

ఇక దాటవేయడానికి దారి లేదు. ఉన్నా ఆవిడ తీసుకునేది కాదేమో, చెప్పలేం. ఆవిడ గొంతు సవరించుకుంది. మైకు లేదు, వేదిక లేదు. అయినా వేదిక మీద చదివే గొంతుతోనే, ఆవరణంతా వినపడేట్టు, పిచిక పేరు తోకతో సహా చదివింది.

"రీవీ ఫోయ్‌తిదీ," అంది.

ఫోయ్ దగ్గర సాగదీసింది కూడా.

గేటు దగ్గర కుళాయి పక్క నుంచి ఒక్కసారిగా చప్పట్లు పేలాయి. షెడ్డు మనుషులకు ముందూ వెనకా ఏమీ తెలియదు. ఆ మాట వినపడితే చప్పట్లు కొట్టాలి, అంతే. కప్పులు నేల మీద పెట్టేసి, ఈలలేస్తూ, డ్రమ్ముల మోతను మించాల్సినవాళ్ళలా కొట్టారు. ఫోటోలు దిగుతున్నవాళ్ళంతా ఇటు తిరిగారు. ప్రిన్సిపాల్, ముఖ్య అతిథి కూడా తిరిగారు. ఆ చప్పట్ల మధ్య పిచిక ఎటు చూడాలో తెలియక నిలబడింది. నడవాల్సిన వేదిక లోపలే ఉండిపోయింది. ఇక్కడ దానికి నడవడానికేమీ లేదు.

"మా తమ్ముడండీ," అంది లాటినమ్మ చరిత్ర లెక్చరర్‌తో. "ఇది నా మేనకోడలు. మాది కంపువాగు. ఆ రోజు మీతో కాదన్నాను."

ఆయన చేతిలో కప్పు అలాగే ఆగిపోయింది. ఆవిడ ఆయన ముఖం చూడలేదు. తమ్ముణ్ణే చూస్తోంది. అతను మాత్రం చప్పట్లు కొట్టలేదు. కళ్ళు చిట్లించి, దేన్నో కూడబలుక్కుంటున్నవాడిలా ఉన్నాడు.

"ఇదే కదక్కా ఆ మాట?" అన్నాడు చివరికి.

"ఇదేరా."

"లోపల ఈ మాట రాలేదు కదూ?"

"రాలేదు. నేనే చదవలేదు."

అతను తల ఊపాడు. ఎందుకు చదవలేదని అడగలేదు. అడుగుతాడని ఆవిడ ఎదురుచూసింది, అడిగితే బాగుండుననుకుంది. అతను ఓ చెవి మీద అరచేత్తో మెల్లగా రుద్దుకున్నాడు. ముఖంలో కోపం లేదు, ఓ పెద్ద బెంగ తీరిన తేలికే కనపడింది.

"అయితే నా చెవులు బాగానే ఉన్నాయన్నమాట," అన్నాడు.